విల్లుకు ఏ చెక్క?

హిందూపురంలోనో ధర్మవరంలోనో అడితికి వెళ్లి విల్లుకోసం చెక్క ఏరుతున్నారనుకోండి. బండిచక్రాలకు వాడే నల్లతుమ్మ గట్టిదే కదా, చాలదా? గట్టిదనమొక్కటే చాలదు. విల్లు వంచితే ఎదుటిముఖం సాగుతుంది, మీవైపు ముఖం నొక్కుకుంటుంది. ఆ సాగుడును భరించేవి చెక్కలోని నారపోగులు. రంపం తిన్నగా కోస్తుంది. చెట్టు తిన్నగా పెరగాలని లేదు. పెనుకొండ గుట్టలమీది చెట్లను చూడండి, ఎన్ని వంకరలో! కోతలో పోగు ఏటవాలుగా తెగి అంచుకు వచ్చినచోటే చీలిక మొదలవుతుంది. అందుచేత చెక్కను పక్కనుంచి కూడా చూడండి. చారలు ఈ కొసనుంచి ఆ కొసదాకా తెగకుండా సాగాలి. ఎదుటిముఖంమీద కణుపుంటే వదిలేయండి.

ఇక మందం. వెడల్పు మారకుండా అది రెట్టింపయితే, అంతే వంచటానికి ఎనిమిదింతల బలం కావాలి! కాబట్టి మెల్లగా చెక్కాలి.

నల్లమల చెంచుల విల్లు వెదురుది. వెదురు పోగు వెంటే చీలుతుంది, రంపంతో పనేలేదు.