శ్రీగంధం ఆకులు ఎందుకు చిన్నబోతాయి?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం లాంటి వానలు తక్కువ పడే చోట్ల కూడా శ్రీగంధం బతకగలదు. అంత మొండి చెట్టు ఇప్పుడు ముప్పున్న జాతుల ఎర్ర జాబితాలో ఉంది. దొంగ నరుకుళ్లు ఒక కారణం. స్పైక్ తెగులు మరొకటి. దీన్ని 1899లో కొడగులో తొలిసారి గుర్తించారు.

ఎలా సోకుతుంది? ఫైటోప్లాస్మా అనే అతి చిన్న బాక్టీరియా చెట్టు ఆహార నాళాల్లో చేరుతుంది. రసం పీల్చే పురుగులు దాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోసుకెళ్తాయి. కొమ్మను దగ్గరగా చూడండి: కొత్త ఆకులు పొట్టిగా, సన్నగా, బిరుసుగా మారి, గుచ్చినట్టు నిక్కబొడుచుకుంటాయి. పూత, కాయ ఆగిపోతాయి. చాలా చెట్లు కొన్నేళ్లలోనే ఎండిపోతాయి. కాయ లేకపోతే పిట్టలు విత్తనం మోయవు, అడవిలో కొత్త మొక్క రాదు. అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

మరి ఎండలు, కరవు ఏం చేస్తాయి? శ్రీగంధం వేళ్లు పక్క చెట్ల వేళ్లను పట్టుకుని నీరు, పోషకాలు లాక్కుంటాయి. ఆ చెట్లు వాడితే దీనికీ కష్టమే. పైగా అమెరికా ఖండాల నుంచి వచ్చిన లాంటానా పొదలు వేసవిలో ఎండి కార్చిచ్చును ఎగదోస్తాయి. శ్రీగంధం లేత మొక్కలు ఆ మంటకు తట్టుకోలేవు.

పొలంలో గంధం నాటే రైతులు పక్కనే కంది, సరుగుడు వేసేది వేళ్లకు ఆ తోడు కోసమే.