తలపైనుండి వచ్చు శబ్దము

గౌతమీ తీరమందలి కపిలేశ్వరపురము హరికథా పాఠశాలకు పేరొందిన గ్రామము. కథ జరుగుచుండగా కన్నులు మూసికొని కూర్చున్న శ్రోత, చిడతల చప్పుడు వేదికపై ఎడమకు జరిగినదో, కుడికి జరిగినదో ఇట్టే చెప్పగలడు. ఒక చెవి మాత్రమే ఉన్నచో ఈ పని కష్టము. ఎడమనుండి వచ్చు శబ్దము కుడిచెవిని చేరుటకు తలను చుట్టి సుమారు 22 సెంటీమీటర్లు అదనముగా పయనింపవలెను. గాలిలో శబ్దవేగము సెకనుకు దాదాపు 346 మీటర్లు గనుక, ఆలస్యము సెకనులో పదివేల వంతులలో ఆరు వంతులు మాత్రమే. మెదడు ఆ స్వల్పభేదమునే పసిగట్టును. తల అడ్డుపడుటచే దూరపు చెవిలో శబ్దము కొంత తగ్గుట మరియొక గుర్తు.

మరి నడినెత్తినుండి వచ్చు శబ్దమో? అది రెండు చెవులకును ఒకే క్షణమున చేరును. అప్పుడు చెవిదొప్పలోని ముడుతలు సాయపడును. అవి హెచ్చుస్థాయి ధ్వనులను కొంత మార్చును. ఆ మార్పును బట్టి మెదడు ఎత్తును గ్రహించును.

2012లో డాల్బీ సంస్థ సినిమాహాళ్లకు తెచ్చిన అట్మాస్ పద్ధతిలో, శబ్దముతో పాటు అది ఎక్కడ వినబడవలెనో తెలుపు సమాచారము కూడ నమోదగును. 2022 నాటి ‘ఆర్.ఆర్.ఆర్.’ ఈ పద్ధతిలో వచ్చినదే. హాలులోనయితే కప్పునకే స్పీకర్లు బిగింతురు. టెలివిజను ముందుంచు సౌండ్‌బారునకు ఆ వీలు లేదు. కనుక కొన్నింటిలో పైకి చూచు స్పీకర్లనమర్చి, శబ్దమును కప్పునకు కొట్టించి శ్రోతమీదికి మరలింతురు. అద్దముపై వెలుగు మరలినట్లే, పతనకోణము పరావర్తనకోణమునకు సమానము.

కోనసీమ ఇండ్ల సంగతి ఇక్కడనే వచ్చును. చదునైన స్లాబు 8 నుండి 12 అడుగుల ఎత్తున ఉన్నచో శబ్దము చక్కగా మరలును. పెంకుటింటి కప్పు ఏటవాలు. దూలములు, వాసములు, పెంకుల ఒంపులు శబ్దమును చెల్లాచెదరు చేయును. తాటాకు కప్పు చాలవరకు పీల్చుకొనును. అట్టి ఇంట పైకి చూచు స్పీకర్లకని హెచ్చు వెల పెట్టుట దండుగ. వెనుక ఉంచు విడి స్పీకర్లు మేలు.

కప్పు మంచిదయినను శబ్దము చుట్టుముట్టకున్నచో, లోపమును తీగలో వెదకవలెను. టెలివిజనులోని యాప్‌ల శబ్దము సౌండ్‌బారును చేరుటకు ‘ఏఆర్‌సీ’ అని వ్రాసిన హెచ్‌డీఎంఐ రంధ్రమునే వాడవలెను. ప్రక్కనున్నది చూపునకు అట్లే ఉండును గాని శబ్దమును వెనుకకు పంపదు. ఆప్టికల్ తీగ గుండా అట్మాస్ పోదు. యాప్‌లు పంపు కుదించిన అట్మాస్‌కు ఏఆర్‌సీ చాలును. బ్లూరే డిస్కులోని సంపూర్ణ రూపమునకు ఈఏఆర్‌సీ కావలెను.

తీగ సరిగానున్నను పలువురు మోసపోవునది టెలివిజను సెట్టింగులలోనే. శబ్ద విభాగమున ‘పీసీఎం’ అని ఉన్నచో టెలివిజను తానే శబ్దమును విప్పి, సాధారణముగా రెండు మార్గములకు కుదించి పంపును. వేలు పోసి కొన్న సౌండ్‌బారు ఏండ్ల తరబడి రెండు స్పీకర్ల పనియే చేయుచుండును! దానిని ‘పాస్‌త్రూ’ లేక ‘బిట్‌స్ట్రీమ్’ అను దానికి మార్చవలెను. చిత్రము కూడ అట్మాస్‌లో ఉండవలెను సుమా; లేనిచో సౌండ్‌బారు వినిపించునది తన ఊహ మాత్రమే.

సౌండ్‌బారు సూచికపై అట్మాస్ పేరు కనబడిన తరువాత చెవితో పరీక్షింపవచ్చును. అట్మాస్ చిత్రములోని వానదృశ్యమును పెట్టి, ఒక విద్యార్థిని కన్నులు మూసికొని కూర్చుండుమనవలెను. మరియొకడు పైకి చూచు స్పీకర్లపై మందపు దుప్పటి మడత నుంచి తీయుచుండవలెను. దుప్పటి పడినప్పుడెల్ల వాన తలపైనుండి టెలివిజను వద్దకు దిగినట్లు తోచినచో, ఆ ఇంటి కప్పు పనిచేయుచున్నదన్నమాట.