గంట ఎవడు కొట్టిండు?

బొగ్గు బాయి పక్కన కూర్చుని బ్లాక్ సబ్బాత్ విన్న ఒక అభిమాని లెక్కలు...

నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన మనిషి నిద్ర చెడగొట్టకూడదు. గోదావరిఖని క్వార్టర్లలో పెరిగిన ఏ పిల్లాడికైనా అఆల కంటే ముందు నేర్పే పాఠం ఇది. పొద్దున పదింటికి మా వాడలో కుక్కర్ కూడా భయపడుతూ కూత పెట్టేది!

అలాంటి ఇంట్లో ఒకరోజు నేను టేప్‌రికార్డర్ మీట నొక్కాను. మొదట వాన చప్పుడు. ఆ వెనకే ఉరుము. దూరంగా ఎక్కడో గంట... టంగ్... టంగ్...

లోపలి గదిలో పడుకున్న బాపు దిగ్గున లేచి కూర్చున్నాడు.

"గంట ఎవడు కొట్టిండురా?"

బాపు హాలేజి ఆపరేటర్. భూమిలోకి వాలుగా దిగే ఇంక్లైన్ మీద, ఇనుప తాడుతో బొగ్గు టబ్బులను లాగే ఇంజన్ దగ్గర ఆయన డ్యూటీ. కింద నుంచి వచ్చే గంటల లెక్కను బట్టే తాడు లాగాలి, ఆపాలి. నిద్రలో కూడా ఆయన చెవి గంట కోసం కాచుకుని ఉండేది. కానీ ఆ రోజు మోగింది మా బాయి గంట కాదు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ కుర్రాళ్లు నలుగురు 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం నాడు విడుదల చేసిన తొలి ఆల్బమ్‌లోది. బ్యాండ్ పేరు, ఆల్బమ్ పేరు, అందులో మొదటి పాట పేరు... మూడూ ఒకటే. బ్లాక్ సబ్బాత్!

దయ్యాల పాటలా?

కాలేజీ హాస్టల్లో ఓ మిత్రుడు ఆ క్యాసెట్ ఇస్తూ "దయ్యాల పాటలు, రాత్రిపూట వినకు" అని హెచ్చరించాడు. ఇప్పటికీ చాలామంది మాట అదే. పేరు అలాంటిది మరి! ఓ హారర్ సినిమా పేరే వీళ్లు పెట్టుకున్నారు. నల్లబట్టలు, శిలువ గొలుసులు సరేసరి. కానీ పాటికేళ్లుగా ఈ పాటలు వింటున్న నాకు వాటిలో దయ్యం కంటే ఎక్కువ వినిపించింది ఫ్యాక్టరీ.

ఎందుకంటారా? ఆ నలుగురూ పెరిగింది బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ అనే కార్మికవాడలో. గాయకుడు ఓజీ ఆస్బోర్న్ కొన్నాళ్లు కబేళాలో పనిచేశాడు. గిటారిస్టు టోనీ అయోమీది రేకుల ఫ్యాక్టరీ. అతనికి 17 ఏళ్లప్పుడు, ఉద్యోగం మానేసే ఆఖరి రోజున, కుడిచేతి రెండు వేళ్ల కొసలు యంత్రంలో తెగిపోయాయి. ఆ మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఇక వెళ్లనంటే, రోజు పూర్తి చేసి రమ్మని పంపింది వాళ్లమ్మే. అయోమీ ఎడమచేతి వాటం మనిషి. అంటే, తీగలు నొక్కాల్సింది సరిగ్గా ఆ కుడిచేతి వేళ్లే!

ఫ్యాక్టరీ మేనేజర్ ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్ అనే గిటారిస్టుది. అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు పనికిరాకుండా పోయినా గొప్ప కళాకారుడైన మనిషి. అంతే... అయోమీ ఒక ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. పాత జాకెట్ తోలు ముక్కలు వాటికి అతికించాడు. సన్నటి తీగలు కట్టాడు. తర్వాత తర్వాత శ్రుతి తగ్గించి వాటిని వదులు చేశాడు. ప్రపంచం 'హెవీ మెటల్' అని పిలిచే ఆ బరువైన మోత వెనక ఇంత కథ ఉంది.

ఏది మేలు, ఏది తాలు?

ఇక ఆల్బమ్‌ల సంగతి. అభిమానులు తిడితే తిట్టనీ, నా లెక్క నాది.

తొలి ఆల్బమ్ దాదాపు ఒక్క రోజులో రికార్డు చేసింది. తప్పులు దిద్దే తీరిక లేదు. ఆ తొందరే దానికి అందం. నలుగురూ ఒకే గదిలో నిలబడి వాయిస్తున్నట్టే ఉంటుంది.

అదే ఏడాది సెప్టెంబరులో 'పారనాయిడ్' వచ్చింది. అందరికీ తెలిసిన టైటిల్ పాట, ఆల్బమ్‌లో ఖాళీ పూరించడానికి నిమిషాల్లో కట్టింది. నా దృష్టిలో దాని ప్రాణం 'వార్ పిగ్స్'లో ఉంది. యుద్ధాలకు పథకం వేసేవాళ్లు వేరు, చచ్చే పేదోళ్లు వేరు అంటుందా పాట. గద్దర్ పాటలు వింటూ పెరిగిన ఊరికి ఈ మాట కొత్తదా? పైగా అది సైరన్‌తో మొదలవుతుంది. సైరన్ మోగితే షిఫ్ట్ అనుకునే ఊళ్లో ఆ పాట వినడంలో ఉన్న మజా వేరు!

1971లో 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'. నా నంబర్ వన్ ఇదే. కొన్ని పాటలకు గిటార్ శ్రుతిని ఒకటిన్నర మెట్టు కిందికి దించేశారు. నా క్యాసెట్‌లో ఒకవైపు 'పారనాయిడ్', రెండోవైపు ఇది. అరిగింది మాత్రం రెండో వైపే.

1972 నాటి 'వాల్యూమ్ ఫోర్' విషయంలో నాకూ మిత్రుడికీ ఇప్పటికీ పడదు. అమెరికాలో డబ్బూ, కొకైనూ పొంగిపొర్లిన రోజుల్లో చేసిన ఆల్బమ్ అది. పియానో మీద నడిచే 'చేంజెస్' వాడికి ప్రాణం. నాకు మాత్రం ఇంజన్ ఆపేసి ఇంట్లో కూర్చున్నట్టు ఉంటుంది. 1973 నాటి 'సబ్బాత్ బ్లడీ సబ్బాత్' తీరైన పని. 1975లో, మాజీ మేనేజర్‌తో కోర్టు గొడవల మధ్య వచ్చిన 'సాబొటాజ్'లో కోపం నిజమైనది. అందుకే అది నిలిచింది. 1976, 1978ల్లో వచ్చిన రెండూ అలసిపోయిన మనుషుల పని. దాచిపెట్టడం ఎందుకు?

1979లో ఓజీని పంపేశారు. మరుసటేడు రోనీ జేమ్స్ డియో గొంతుతో 'హెవెన్ అండ్ హెల్' వచ్చింది. చాలా ఏళ్లు దాన్ని ముట్టుకోలేదు. ఓజీ లేని సబ్బాత్ ఏమిటని! తీరా విన్నాక చెంపలేసుకున్నాను. షిఫ్ట్ మారితే మనిషి మారతాడు. ఇంజన్ అదేగా!

తాడు వదులైతే...

ఇంతకీ గంట విని లేచిన బాపు ఏమన్నాడు? తిట్టాడు. మామూలుగా కాదు. "హాలేజి మోత ఎనిమిది గంటలు విని వస్తే, ఇంట్ల మల్లా అదేనా?" అన్నాడు.

అది తిట్టే... కానీ బ్లాక్ సబ్బాత్ గురించి నేను విన్న విమర్శల్లో అంత సూటి మాట ఇంకోటి లేదు.

చాన్నాళ్ల తర్వాత, ఓ ఆదివారం అన్నం తింటుంటే ఆయనకు అయోమీ వేళ్ల కథ చెప్పాను. ముద్ద చేతిలోనే ఆగింది. వేలి తొడుగులు ఎట్ల చేసిండు, తోలు ఎట్ల అతికిచ్చిండు... అన్నీ అడిగాడు. తీగలు వదులు చేశాడనగానే నవ్వాడు. "మా దగ్గర తాడు వదులైతే టబ్బులు పట్టా తప్పుతయి. ఈయనకేమో పాటే దొరికింది గదరా!"

ఆ రోజు నుంచి ఇంట్లో ఒక ఒప్పందం. నైట్ షిఫ్ట్ వారం ఇయర్‌ఫోన్లు. మిగతా వారాలు... సౌండ్ సగం.

ఆఖరి షిఫ్ట్

ఇప్పుడు రెండు ఊళ్లూ మునుపటిలా లేవు. ఆస్టన్ చుట్టుపక్కల ఫ్యాక్టరీలు చాలా మూతపడ్డాయి. ఇక్కడ సింగరేణిలో 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికుల సంఖ్య, ఇప్పుడు 40 వేలకు అటూఇటూగా ఉంది. భూగర్భ గనుల్లో చాలావాటి స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి. బాపు రిటైరై చాలా ఏళ్లయింది.

2013లో '13' పేరుతో ఓజీ మళ్లీ పాడిన ఆల్బమ్ వచ్చింది. బ్రిటన్‌లో 'పారనాయిడ్' తర్వాత 43 ఏళ్లకు వాళ్లకు మళ్లీ నంబర్ వన్. బాగుంది. కానీ పాత డ్రమ్మర్ బిల్ వార్డ్ అందులో లేడు. ఆ లోటు తెలుస్తూనే ఉంటుంది.

2025 జులై 5న ఆ నలుగురూ సొంతవాడ ఆస్టన్‌లోని విల్లా పార్క్ స్టేడియంలో చివరిసారి కలిసి వాయించారు. పార్కిన్సన్స్‌తో నడవలేని ఓజీ సింహాసనంలాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. ఆ వీడియో ఫోన్లో బాపుకు చూపించాను.

"ఈయనకు రిటైర్మెంటు లేదా?" అన్నాడు.

"ఇదే ఆఖరి షిఫ్ట్ బాపూ" అన్నాను.

17 రోజుల తర్వాత, జులై 22న ఓజీ కన్నుమూశాడు. వయసు 76. ఆ రాత్రి నేను తొలి ఆల్బమ్ పెట్టాను. వాన... ఉరుము... గంట. పక్కగదిలో బాపు మేలుకునే ఉన్నాడు. ఈసారి గంట ఎవడు కొట్టిండని అడగలేదు.

"సౌండ్ జెర పెంచు" అన్నాడు.