సేవలు అరచేతిలోకి.. ఓటీపీ ఎవరి చేతికి?

నూజివీడు: మామిడి తోటలు పూత మీదున్న వేళ, 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరిట వాట్సప్ పాలనకు శ్రీకారం చుట్టింది. ఉండవల్లిలో మంత్రి నారా లోకేశ్ ప్రారంభించిన ఈ విధానంలో తొలి విడతగా 161 సేవలను ప్రకటించారు. ఇలాంటి కబురు వెలువడినప్పుడు రైతు ఇంట ముందుగా హుషారెక్కేది విద్యార్థే. తండ్రి ఫోను అందుకుని, 95523 00009 నంబరును దాచుకుని, ‘హాయ్’ అని సందేశం పంపి, తెలుగును ఎంచుకుని, ఒక్కో సేవనూ తెరిచి చూస్తే తప్ప అతనికి కుదురుండదు. ఆ ఉత్సాహం ఉత్తినే పోలేదు.

హాల్‌టికెట్టే మొదటి పరీక్ష

రుసుము బకాయి ఉందంటూ కళాశాలలు హాల్‌టికెట్ నిలిపివేస్తున్నాయన్న ఫిర్యాదు ఏళ్ల నాటిది. పంట చేతికొస్తే గాని చెల్లించలేని కుటుంబాలకు మార్చి నెల గండమే. మామిడి కాయ కోతకొచ్చేది వేసవిలో, ఇంటర్ పరీక్షలు అంతకు ముందే. 2025లో ఇంటర్ హాల్‌టికెట్లను వాట్సప్ ద్వారా నేరుగా విద్యార్థికే అందించారు. ప్రిన్సిపల్ గది ముందు నిలబడవలసిన అవసరం తప్పింది. 161 అన్న అంకె కన్నా ఈ ఒక్కటే విద్యార్థికి ఎక్కువ మేలు చేసిందనాలి. ఆ ఏడాది ఏప్రిల్ 23న వెలువడిన పదో తరగతి ఫలితాలూ ఇదే దారిలో ఫోనుకు చేరాయి. 2008లో ఏర్పడిన ఆర్జీయూకేటీ ప్రాంగణం, జనం మాటల్లో ట్రిపుల్ ఐటీ, నూజివీడులోనే ఉంది. పదో తరగతి మార్కులే అక్కడి ఆరేళ్ల చదువుకు ప్రవేశద్వారం. ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి అదనపు స్కోరు కూడా కలుపుతారు. కాబట్టి ఫలితం చూసిన క్షణం నుంచే దరఖాస్తు, ధ్రువపత్రాల హడావుడి మొదలవుతుంది.

అసలు చిక్కు ఇక్కడే

ఫోనులో కనిపించేది దరఖాస్తు చేసే దారి మాత్రమే. కొత్తగా ఆదాయ ధ్రువపత్రం కావాలంటే విచారణ జరగాలి, రెవెన్యూ అధికారి ఆమోదించాలి. రికార్డులో ఇంటిపేరు ఒక అక్షరం తేడాగా ఉంటే ఆ తప్పును ఏ యాప్ దానంతట అది సరిదిద్దదు. 2015లో వచ్చిన డిజిలాకర్‌లో పత్రాలు భద్రపరచుకోవాలన్నా, పీఎం కిసాన్ ఈ-కేవైసీని ఇంట్లోనే ఓటీపీతో పూర్తిచేయాలన్నా, ఆ అంకెలు చేరేది ఆధార్‌కు అనుసంధానమైన నంబరుకే. ఎప్పుడో మార్చేసిన సిమ్ కార్డుదో, ఊళ్లో లేని అన్నదో ఆ నంబరైతే విద్యార్థి ఎంత నేర్పరి అయినా అక్కడే ఆగిపోతాడు. ఆధార్ కేంద్రంలో నంబరు మార్పించుకున్నాకే ముడి వీడుతుంది. కౌలుదారు సంగతి మరీ కష్టం. పీఎం కిసాన్ సాయానికి భూమి తన పేరున ఉండాలి. తోటను కౌలుకు తీసుకుని, మందుల ఖర్చంతా భరించేవాడి పేరు ఆ జాబితాలో ఉండదు. ఫోను మారినంత మాత్రాన ఆ నిబంధన మారదు.

ఆకు ఫొటో చెప్పనిది

తోటలోనూ యాప్‌లకు కొదవలేదు. వాతావరణ శాఖ భాగస్వామ్యంతో 2019లో వచ్చిన ‘మేఘదూత్’ వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో జిల్లాలవారీగా సాగు సలహాలిస్తుంది. మందు కొట్టే రోజును నిర్ణయించుకోవడానికి ఇది అక్కరకొస్తుంది. ఆకును ఫొటో తీస్తే తెగులు పేరు చెప్పే ‘ప్లాంటిక్స్’ తెలుగులోనూ పనిచేస్తుంది. అయితే ఒక్క మెలకువ అవసరం. ఆకులపై నల్లని మసి పేరుకుంటే ఫొటోలో కనిపించేది ఆ మసి బూజే. దానికి మూలం తేనెమంచు పురుగు. పూతను, లేత చిగుళ్లను పీల్చి ఆ పురుగు విసర్జించే తియ్యని జిగురుపైనే బూజు పెరుగుతుంది. బూజుకు మాత్రమే మందు కొడితే డబ్బు పోతుంది, పురుగు మిగులుతుంది. పూత పూర్తిగా విచ్చుకున్నప్పుడు పురుగుమందు చల్లితే పరాగ సంపర్కం చేసే ఈగలు, తేనెటీగలు చనిపోయి పిందె తగ్గుతుందన్న సంగతీ ఫొటోకు తెలియదు. అనుమానముంటే కొమ్మ తుంచి నూజివీడులోని మామిడి పరిశోధన స్థానానికి తీసుకెళ్లి చూపించడం మేలు. పిల్లవాడు ఫొటో తీయాలి, పెద్దాయన కొమ్మను పట్టి చూడాలి. రెండూ కలిస్తేనే తోటకు ప్రయోజనం.

నకిలీలతో జాగ్రత్త

ప్రభుత్వ సేవల పేరు చెప్పుకుని మోసగాళ్లూ వస్తున్నారు. పీఎం కిసాన్ పేరుతో వాట్సప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లను తెరిస్తే బ్యాంకు ఖాతా ఖాళీ కావచ్చు. యాప్‌ను ప్లే స్టోర్ నుంచి మాత్రమే తీసుకోవాలి. ఓటీపీ ఎవరడిగినా చెప్పకూడదు. సొమ్ము పోయిందని తెలిసిన వెంటనే 1930కు ఫోన్ చేయాలి. ఆలస్యమయ్యే కొద్దీ తిరిగి రాబట్టే అవకాశం సన్నగిల్లుతుంది.

సెలవులు ముగిసి విద్యార్థి వసతిగృహానికి వెళ్లిపోయాక ఇంట్లో మిగిలేది తరచూ మీటల ఫోనే. దాని నుంచీ 1800 180 1551కు ఉదయం 6 నుంచి రాత్రి 10 గంటల వరకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. 2004లో మొదలైన ఈ కిసాన్ కాల్ సెంటర్‌లో తెలుగులోనే సమాధానమిస్తారు. ఓటీపీ అడగరు.