ఆయిల్ ఎక్కడ కారుతోందో ముందు తేలాలి

పాత కారు నిలిపిన చోట నేలమీద నల్లటి మరక కనబడితే కొందరు పట్టించుకోరు, అప్పుడప్పుడు కాస్త ఆయిల్ పోసుకుంటూ నడిపేస్తారు. ఇంకొందరు మెకానిక్ నోట "ఇంజన్ దించాలి" అన్న మాట వినగానే బండిని అమ్మకానికి పెట్టేస్తారు. చాలా సందర్భాల్లో ఈ రెండూ అక్కర్లేదు. గట్టిపడిపోయిన ఒక చిన్న ప్యాకింగ్ మారిస్తే సరిపోతుంది. అయితే ఏ ప్యాకింగో తేల్చుకోకుండా పానా పట్టుకుంటే డబ్బులు పోతాయి గానీ మరక పోదు.

మనందరికీ తెలిసిన మారుతి 800నే తీసుకుందాం. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన ఈ కారు తయారీ 2014 జనవరిలో ఆగింది. ఇవాళ తిరుగుతున్న ఏ మారుతి 800కైనా పదేళ్లు దాటాయి, చాలావాటికి ఇరవై దాటాయి. మూడు సిలిండర్లు, 796 సీసీల ఆ చిన్న ఇంజన్‌లో పట్టే ఆయిల్ సుమారు 3 లీటర్లే. అందులోంచి ఒక లీటరు తగ్గిందంటే మూడో వంతు పోయినట్టు. మిగిలిన ఆయిల్ మీద వేడి భారం పెరుగుతుంది, బేరింగుల అరుగుదల మొదలవుతుంది.

ప్యాకింగ్ ఎందుకు పాడవుతుంది?

ఇంజన్ ఒకే ముక్క కాదు. బ్లాకు, దానిమీద హెడ్, హెడ్ పైన ట్యాపెట్ కవర్, అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ విడివిడిగా తయారై బోల్టులతో ఒకటవుతాయి. రెండు లోహాలను ఎంత నున్నగా చెక్కినా మధ్యలో కంటికి కనబడని సందులు మిగులుతాయి. వాటిని పూడ్చేదే గ్యాస్కెట్, మన షెడ్లలో ప్యాకింగ్ అంటారు. చోటును బట్టి దాన్ని కార్క్‌తోనో, రబ్బరుతోనో, మందపాటి కాగితంతోనో, లోహపు రేకులతోనో చేస్తారు.

నడుస్తున్న ఇంజన్‌లో ఆయిల్ దాదాపు 100 డిగ్రీల వేడికి చేరుతుంది. ఏళ్ల తరబడి కాగుతూ చల్లారుతూ ఉంటే రబ్బరు సాగే గుణం పోగొట్టుకుని బిరుసెక్కుతుంది, కార్క్ ఎండి కుంచించుకుపోతుంది. ఇంట్లో కుక్కర్ మూతకున్న రబ్బరు గట్టిపడితే పక్కల నుంచి ఆవిరి ఎలా పోతుందో ఇక్కడ ఆయిల్ అలాగే పోతుంది.

మరో కారణాన్ని చాలామంది మరిచిపోతారు. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాస్ ఎప్పుడూ కిందికి జారుతుంది. అది బయటపడడానికి ట్యాపెట్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్ వైపు బ్రీదర్ గొట్టం, కొన్ని ఇంజన్లలో దానికి తోడు పీసీవీ వాల్వు ఉంటాయి. ఆ దారి మడ్డితో పూడిపోతే లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్‌ను ప్రతి సందులోంచీ బయటికి నెడుతుంది. అప్పుడు కొత్త ప్యాకింగ్ వేసినా మళ్లీ తడి మొదలవుతుంది. అందుకే ఏ లీకైనా ముందు ఆ గొట్టం ఊడదీసి శుభ్రం చేయాలి. అది సాఫీగా ఉన్నా బాగా గ్యాస్ తన్నుతుంటే రింగులు అరిగాయని అర్థం, ఆ లోపానికి ప్యాకింగ్ మందు కాదు.

వెతకాల్సింది పైనుంచి

ఆయిల్ పుట్టేది ఒక చోట, బొట్టు రాలేది మరో చోట. పైన లీకైంది ఇంజన్ ఒంటి వెంట జారి, నడిచేటప్పుడు గాలికి వెనక్కి చెదిరి, అన్నిటికంటే కింద ఉన్న అంచు నుంచి పడుతుంది. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. గేర్‌బాక్స్ కలిసే చోట తడి కనబడితే క్రాంక్ వెనక సీలు పోయిందని, గేర్‌బాక్స్ దించాలని తేల్చేస్తారు. కార్బురేటర్ కాలం నాటి మారుతి 800లో డిస్ట్రిబ్యూటర్ సరిగ్గా ఆ వైపే, హెడ్ చివర ఉంటుంది. దాని ఓ-రింగో, ట్యాపెట్ కవర్ మూలో కారినా ఆయిల్ చేరేది అక్కడికే. కొద్దిపాటి రబ్బరుతో తీరే పనికి రోజంతా పట్టే పని నెత్తిన పడుతుంది.

కాబట్టి ముందు ఇంజన్‌ను జిడ్డు పోయేలా కడిగించి, ఆరబెట్టాలి. డిస్ట్రిబ్యూటర్‌లోకి, వైర్లలోకి నీళ్లు పోకుండా కవరు కట్టాలి. అనుమానమున్న అతుకుల మీద టాల్కం పౌడర్ చల్లి, కాసేపు నడిపి చూడాలి. తెల్లటి పొడి మీద మొదటి తడి గీత ఎక్కడ మొదలైందో అదే చోటు. రాత్రి బండి కింద అట్టముక్క పరిస్తే పొద్దునకి బొట్లు పడ్డ చోటూ రంగూ తెలుస్తాయి. నల్లగా జారుడుగా ఉంటే ఇంజన్ ఆయిల్. ఘాటైన గంధకం వాసనొస్తే గేర్ ఆయిల్.

చూసే వరుస ఇది: ట్యాపెట్ కవర్, డిస్ట్రిబ్యూటర్, ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఆయిల్ ఫిల్టర్, చాంబర్, డ్రెయిన్ బోల్టు వాషర్. క్రాంక్ సీళ్లు ఆఖరున. ఫిల్టర్ మార్చినప్పుడు పాత రబ్బరు రింగు బ్లాకుకే అతుక్కుని ఉండిపోతే, రెండు రింగులు ఒకదానిమీద ఒకటి కూర్చుని ఆయిల్ ధారగా పోతుంది. దీన్ని వేలితో తడిమి చూస్తే చాలు.

ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ మార్చడం

ఇంజన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టాలి. ఏ గొట్టం ఎక్కడిదో, ఏ వైరు ఏ ప్లగ్గుదో గుర్తు కోసం ఫోన్లో ఫోటో తీసుకోవాలి. ఎయిర్ క్లీనర్ తీసి, కవర్ బోల్టులు విప్పాలి. కవర్ అతుక్కుని రాకపోతే రబ్బరు సుత్తితో పక్కల నుంచి తట్టాలి. సందులో స్క్రూడ్రైవర్ దూర్చి లేపితే అల్యూమినియం హెడ్ మీద గాటు పడుతుంది. ఆ గాటు గుండా కొత్త ప్యాకింగ్ కూడా కారుతుంది.

పాత ప్యాకింగ్ గీకేటప్పుడు లోపల గుడ్డ కప్పి, ప్లాస్టిక్ లేదా చెక్క ముక్కతో నెమ్మదిగా గీకాలి. గ్రైండర్‌కు గరుకు బిళ్ల తగిలించి నిమిషంలో శుభ్రం చేసేవాళ్లున్నారు, దానికి ఒప్పుకోవద్దు. ఆ పొడి ఆయిల్‌లో కలిసి బేరింగులను కొరికేస్తుంది. కవర్ రేకుదైతే బోల్టు రంధ్రాల దగ్గర సొట్ట పడిందేమో చూసి చదును చేయించాలి. రెండు అంచులూ పొడిగా, జిడ్డు లేకుండా ఉంటేనే కొత్త ప్యాకింగ్ కూర్చుంటుంది.

బోల్టుల కింది రబ్బరు వాషర్లు కూడా కొత్తవి వేయాలి. బిగించేటప్పుడు ఒకదాన్నే పూర్తిగా తిప్పేయకుండా, మధ్య నుంచి చివరలకు రెండు మూడు విడతల్లో అన్నిటినీ సమంగా బిగించాలి. ఈ కవర్ బోల్టులకు చాలా ఇంజన్లలో 10 న్యూటన్ మీటర్లకు మించి బలం అక్కర్లేదు, మీ ఇంజన్ మాన్యువల్ చెప్పిన అంకే ప్రమాణం. లీకవుతోందని ఇంకో చుట్టు బిగిస్తే ప్యాకింగ్ నలిగి పక్కకి పొడుచుకొస్తుంది, రేకు వంగుతుంది, లీకు పెరుగుతుంది.

సిలికాన్ పేస్టు విషయంలో చెయ్యి అదుపులో ఉండాలి. రెండు అతుకులు కలిసే మూలల్లో, తయారీదారు చెప్పిన చోట చిన్న చుక్క చాలు. ధారాళంగా పూస్తే లోపలికి పొంగిన పేస్టు ముక్కలై ఊడి, చాంబర్‌లోని ఆయిల్ జాలీకి అడ్డం పడుతుంది. బయటికి ఒక్క బొట్టు కారకపోయినా లోపల ఇంజన్ ఆయిల్ అందక పట్టేస్తుంది. పేస్టు ఆరడానికి దాని డబ్బామీద రాసినంత సమయం ఇచ్చాకే స్టార్ట్ చేయాలి.

వాయిదా వేయకూడనివి

కొన్ని లీకులకు సమయం లేదు. ఆయిల్ సైలెన్సర్ మానిఫోల్డ్ మీద పడి పొగ, మాడు వాసన వస్తుంటే అగ్ని ప్రమాదం పొంచి ఉంది. క్యామ్, క్రాంక్ ముందు సీళ్లు కారితే ఆయిల్ టైమింగ్ బెల్టును తడిపి మెత్తబరుస్తుంది. సీళ్లు మార్చేటప్పుడే బెల్టూ మార్చాలి. క్లచ్ తడిసి జారుతుంటే అప్పుడు గేర్‌బాక్స్ దించక తప్పదు. ఆయిల్ పాలరంగుకు తిరిగితే అది హెడ్ గ్యాస్కెట్ దాకా వెళ్లిన సమస్య కావచ్చు, బండి నడపకుండా నిలిపేయాలి. లీకు ఆపుతామనే సీసా మందులు గట్టిపడిన రబ్బరును కొంతకాలం ఉబ్బించగలవేమో గానీ, చిట్లిన కార్క్‌ను అతికించలేవు.

ఈ పనిలో ప్యాకింగ్ ధర చిన్నది. విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో పాత బండ్ల ప్యాకింగులు ఇప్పటికీ వెతికితే దొరుకుతాయి. ఖర్చంతా విప్పి బిగించే కూలిలోనే ఉంటుంది. అందుకే బండి అప్పగించే ముందు మెకానిక్‌ను మూడు ప్రశ్నలు అడగండి: లీకు ఎక్కడ మొదలైందో కడిగి చూశారా, బ్రీదర్ శుభ్రం చేశారా, తీసిన పాత ప్యాకింగ్ నాకు చూపిస్తారా? మంచి పనివాడు ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. పని అయ్యాక వారం పాటు డిప్‌స్టిక్ తీసి చూడండి, అదే చోట మళ్లీ పౌడర్ చల్లండి. పొడి తడవకుండా ఉంటే ఆ ఇంజన్‌ను నమ్మి నిశ్చింతగా నడపవచ్చు.