అతిథిశాలలో శిల్పప్రతిష్ఠ

ప్రతిష్ఠ యను మాటకు మన భాషలో రెండర్థములు గలవు. విగ్రహమును పీఠముపై నిలుపుట యొకటి. లోకమున గౌరవము గడించుట రెండవది. నేటి పెద్ద హోటళ్ల యజమానులు రెండవదాని కొఱకు మొదటిదానిని దలపెట్టుచున్నారు. ముందరిశాలకు శోభ గూర్చుటకై శిల్పిని బిలిచి, ధనమిచ్చి, యొక శిల్పమును జేయించి నిలుపుచున్నారు. ఇందు దోషమేమియు లేదు. పూర్వము రాజులు జేసినదియు నిదియే. కాని మొదటి ప్రతిష్ఠ చక్కగా జరుగనిచో రెండవది నిలువదు. శిల్పమును నిలుపుట యొక దినముతో ముగియు నుత్సవము గాదు. తరతరములు దానిని గాపాడుదు నని పూనిక వహించుట. ఈ సంగతిని నేడు పాఠకులకు మనవి చేయదలచితిమి. ఇందులకు అమెరికాలోని యొక హోటలు చరిత్రయు, మన ఢిల్లీలోని యొక సభాభవనపు చరిత్రయు సాక్ష్యములు.

అమెరికా దేశమున ఓహాయో రాష్ట్రములోని సిన్సినాటి నగరమున 1948లో టెరేస్ ప్లాజా యను హోటలు వెలసినది. దానిని గట్టించినవాడు జాన్ ఎమరీ. ఆయన వర్తకుడే కాదు, ఆ నగరపు కళాప్రదర్శనశాలకు పెద్ద దిక్కు గూడ. కట్టడము ఆనాటికి వింతయైనది. క్రింది యంతస్తులు కిటికీలు లేని యిటుక గోడలు, వానిలో దుకాణములు. హోటలు ముందరిశాల ఎనిమిదవ యంతస్తున నుండెను. దానిపై బసగదులు, కొననొక గుండ్రని భోజనశాల. ఈ కట్టడమునకు రూపకల్పన చేసినవారిలో నెటాలీ డి బ్లోయ్ అను యువతి ముఖ్యురాలు. స్త్రీలకు వాస్తువిద్యలో చోటు దొరకుటయే యరుదైన దినములలో నామె యంతటి పనిని నిర్వహించుట ప్రశంసనీయము.

ఎమరీ చేసిన మంచిపని యేమనగా, కట్టడము ముగిసిన పిమ్మట గోడల వెలితి పూడ్చుటకై బొమ్మలను గొనితెచ్చినవాడు కాడు. హోటలు తలుపులు తెఱవక మునుపే, దాని శాలల కొలతలను బట్టి, కళాకారులకు పని నప్పగించినాడు. కొననున్న భోజనశాల గోడకు స్పెయిను దేశీయుడైన జొవాన్ మీరో 1947లో నొక పెద్ద చిత్రమును వ్రాసియిచ్చెను. మఱియొక భోజనశాలకు సాల్ స్టైన్‌బెర్గ్ నగరజీవితమును హాస్యముగా జిత్రించెను. ముందరిశాలకు శిల్పము చేయు భారము అలెగ్జాండర్ కాల్డరుపై బడినది.

కాల్డరు తండ్రియు, తాతయు శిల్పులే. తాను మాత్రము యంత్రశాస్త్రము చదివి పట్టము పుచ్చుకొని, పిమ్మట శిల్పమునకు దిగినవాడు. రాయి చెక్కుట, కంచు పోయుట ఆయన ముఖ్యమార్గము గాదు. తీగెలను వంచి, రేకులను గత్తిరించి, వానిని పైకప్పునుండి వ్రేలాడదీసి, గాలికి గదలునట్లు చేయుట యాయన విద్య. ఇట్టి శిల్పములకు ‘మొబైలు’ అని 1931లో బేరు పెట్టిరి. నేడందఱి చేతులలో నుండు టెలిఫోనుతో దీనికి సంబంధము లేదు. కదలునది యని దాని యర్థము. సిన్సినాటి హోటలునకు 1946లో నాయన చేసినదాని పేరు ‘ఇరువది యాకులు, ఒక యాపిలు’. పేరే దాని వర్ణనము. 1955లో నాయన మన దేశమునకు వచ్చి, అహమ్మదాబాదులో సారాభాయి కుటుంబమువారి యతిథిగా నుండి, వారి యింట గూడ నిట్టి శిల్పములు చేసినాడు. కావున మనకు నాయన కేవలము పరాయివాడు గాడు.

ఇట్టి శిల్పమును నిలుపుట యెట్టిదో చూడుడు. మన పల్లెలలో కావడి మోయువానిని దలచుకొన్నచో నిది తేటపడును. రెండు కుండల బరువు సమముగా లేనప్పుడు వాడు బద్దను భుజముపై నొకవైపునకు జరుపుకొనును, బరువైన కుండ దాపునకు, తేలికైనది దవ్వునకు బోవును, బద్ద నిలుచును. కాల్డరు శిల్పమున నొక కావడికి వేఱొక కావడి, దానికింకొకటి వ్రేలాడుచుండును. చివరి చిన్న రేకునుండి లెక్కించుకొనుచు మొదటి కొక్కెము వఱకు రావలెను. ఎచ్చటనైన నొక రేకు బరువు మాఱినచో పైనున్న కావళ్లన్నియు నొరగును. ఇక కొక్కెము మోయు బరువెంత, శిల్పము తిరుగుటకు చుట్టు జాగ యెంత, క్రింద నడచు మనుష్యుల తలలకును దానికిని దూర మెంత, ఆ శాలలో గాలి యెటునుండి వీచును—ఇవన్నియు నాలోచింపక దానిని వ్రేలాడదీయరాదు. గాలి లేని మూలను గట్టినచో నది చచ్చిన చెట్టు. కావున శిల్పి, వాస్తువిద్వాంసుడు, కమ్మరి, దీపములు బిగించువాడు—వీరందఱు గూడిననే ప్రతిష్ఠ.

రాతి విగ్రహమునకైనను, కంచు విగ్రహమునకైనను నిదే న్యాయము. పీఠము క్రింది పునాది ముందు గట్టవలెను. శిల్పము ఏ ద్వారమున వచ్చునో ముందు కొలువవలెను. ప్రతిష్ఠాపనలో నజాగ్రత్త యెంత ప్రమాదమో తెలుగువారికి వేఱుగ జెప్పనక్కఱ లేదు. 1990 మార్చిలో హుస్సేన్ సాగరమున బుద్ధవిగ్రహమును దరలించుచుండగా నది నీట మునిగి, పనివారు ప్రాణములు గోల్పోయిరి. ఆ విగ్రహము రెండేండ్లకు బైగా నీటి యడుగున బడియుండి, 1992 చివరను గాని నిలువబడలేదు. హోటలు శిల్పము దానికంటె నెంతయో చిన్నదగుగాక. దానిని మోయు భుజములు మాత్రము మనుష్యులవే.

సిన్సినాటి కథ యింతటితో ముగియలేదు. 1956లో నా హోటలు హిల్టను సంస్థ వశమైనది. యజమాని మాఱినప్పుడు శిల్పముల గతి యేమి? అదృష్టవశమున ఎమరీవారి సంస్థ 1965లో కాల్డరు శిల్పమును, మీరో, స్టైన్‌బెర్గుల చిత్రములను ఆ నగరపు కళాప్రదర్శనశాలకు దానమిచ్చినది. హోటలు తరువాత మూతపడినది. శిల్పము మాత్రము బ్రదికినది. ఇది సంతోషింపదగిన విషయమే. కాని ఆ యాకులను గాల్డరు ఏ శాలకొఱకు దూచినాడో ఆ శాలలో నవి నేడు లేవు. ఎమరీ కళాభిమాని కానిచో నవి పాత యినుము కొట్టునకు బోయియుండెడివేమో. ఒక్కని సద్బుద్ధిపై నాధారపడిన రక్షణ రక్షణ మనిపించుకొనదు.

ఈ మాట యూరక యనుట లేదు. అదే కాల్డరు చేసిన ‘పిట్స్‌బర్గ్’ అను మొబైలు 1958లో ప్రదర్శింపబడి, పిమ్మట నా నగరపు విమానాశ్రయమునకు దానముగా లభించినది. దానిని నలుపు తెలుపులతో జేసినాడాయన. అధికారులో, తమ జిల్లా వర్ణము లవి యని చెప్పి, దానికి ఆకుపచ్చయు, బంగారు వన్నెయు బూసిరి. గాలికి సహజముగ గదలవలసినదానిని గదలనీయక చేసిరి. ధనము పెట్టి కాపాడినవారే శిల్పమును జంపుట యనగా నిట్టిది. చాలకాలమునకు గాని దానికి యథారూపము రాలేదు.

ఇక మన దేశమునకు వత్తము. ఢిల్లీలోని విజ్ఞానభవనము సభలకు, దేశదేశముల యతిథులకు నెలవు. దాని ముందరిశాల గోడకు కంచుశిల్పము జేయుమని 1957లో మన ప్రభుత్వము అమర్‌నాథ్ సెహగల్ అను శిల్పిని గోరినది. ఆయన యైదేండ్లు శ్రమించి, సుమారు 140 అడుగుల పొడవు, 40 అడుగుల యెత్తు గల శిల్పమును 1962 నాటికి నిలిపెను. మన పల్లెలును, పట్టణములును అందు రూపుగొన్నవి. పదునేడేండ్లు అది అతిథులకు స్వాగతమిచ్చినది. 1979లో భవనమునకు మరమ్మతులని చెప్పి దానిని గోడనుండి యూడబెఱికి, శిల్పికి మాటమాత్రమైనను జెప్పక, సామానుల కొట్టున బడవేసిరి. ముక్కలైనది, కొన్ని ముక్కలు గల్లంతైనవి. పరాయి ప్రభుత్వము చేసిన పని గాదిది. స్వరాజ్యము వచ్చిన ముప్పదిరెండేండ్లకు మన చేతులతో మనము చేసికొన్నది.

సెహగలు వినతిపత్రములు పెట్టి విసిగి, 1992లో ఢిల్లీ హైకోర్టు నాశ్రయించెను. 2005 ఫిబ్రవరిలో న్యాయస్థానము తీర్పు చెప్పినది. కాపీరైటు చట్టమునందలి 57వ సెక్షను ప్రకారము, కృతిని విక్రయించిన పిమ్మటను గర్తకు గౌరవహక్కు మిగిలియుండుననియు, శిల్పమును ధ్వంసము చేయుట యా హక్కునకు భంగమనియు నిర్ణయించి, మిగిలిన ముక్కలను శిల్పికి దిరిగి యిమ్మనియు, అయిదు లక్షల రూపాయలు పరిహారము చెల్లింపుమనియు నాజ్ఞాపించినది. తీర్పు మెచ్చదగినది. కాని ముక్కలను దిరిగి పొందిన శిల్పికి శిల్పము దిరిగి వచ్చినట్లా? ఇరువదియాఱేండ్లకు లభించిన న్యాయము ముదిమి మీద బడినది. పైగా, శిల్పమును బ్రదర్శింపకుండుటయు, కర్తకు దృప్తి కలుగునట్లు బ్రదర్శింపకుండుటయు హక్కు భంగము గాదని ఆ చట్టమే మఱియొకచోట జెప్పుచున్నది. అనగా హోటలు యజమాని శిల్పమును విఱుగగొట్టిన దోషమగును. చీకటి కొట్టున దాచిపెట్టినచో దోషము గాదు. ఈ సందును బూడ్చుటకు ముందుగ వ్రాసికొన్న యొప్పందము దక్క వేఱు మార్గము లేదు.

ఢిల్లీలోని మౌర్య హోటలు తోటలో నొక కంచు అశోకుడు నిలిచియున్నాడు. మీరా ముఖర్జీ 1972లో ముగించిన శిల్పమది. కళింగయుద్ధమున శవరాసులను జూచిన రాజు. ఆమె జర్మనీలో శిల్పవిద్య నేర్చియు, తృప్తి చెందక, బస్తరు సీమలోని పోతపనివారి గుడిసెలకు బోయి వారి మైనపు పోతను నేర్చుకొన్నది. పేరు మౌర్యులది గనుక ఆ హోటలునకు అశోకుడు తగియున్నాడు. విందులకు, వివాహములకు వచ్చువారు పశ్చాత్తాపము నెఱిగిన రాజు నెదుట నడచుట మంచిదే. అయిన నామెకు విద్య గఱపిన బస్తరు పనివాడు తలపాగతో ఆ గుమ్మము కడకు వచ్చినచో కావలివాడు లోనికి బోనిచ్చునా? ఒక్క హోటలును గూర్చి మేమీ ప్రశ్న వేయుట లేదు. హోటళ్లవారు తమ ముందరిశాలలను బహిరంగస్థలము లని చెప్పుకొందురు గదా. ఎవరికి బహిరంగమో వారే చెప్పవలెను.

తిరుమలలో మహాద్వారము దాటగానే కృష్ణదేవరాయలును, దేవేరు లిరువురును రాగిప్రతిమలై చేతులు మోడ్చి నిలిచియున్నారు. రాజ్యము పోయినది, రాజధాని పాడువడినది, ప్రతిమలు నిలిచినవి. భక్తుడు బిచ్చగాడైనను వానిని జూడకుండ నాపువారు లేరు. కాని వానిని బోతపోసిన శిల్పి పేరు మనకు దెలియదు. చేయించినవాని కీర్తి నిలిచి, చేసినవాని పేరు మాసిపోయినది. ఈ లోపము మనము దిద్దుకొనవలసినది.

కావున హోటలు నిర్మాతలకు మా విన్నపములు నాలుగు. మొదటిది: నమూనాలు గీచునప్పుడే శిల్పిని బిలువుడు; గోడ లేచిన పిమ్మట బిలువకుడు. రెండవది: శిల్పము ప్రక్కన శిల్పి పేరును, సంవత్సరమును, పోతపనివారి యూరును దెలుగులో గూడ జెక్కించుడు. మూడవది: వారమున కొక్కపూటయైన నూరివారును, బడిపిల్లలును వచ్చి చూచుటకు దలుపు దెఱవుడు, వారు కాఫీ కొనకున్నను సరే. నాలుగవది, ముఖ్యమైనది: హోటలు చేతులు మాఱినను, మూతపడినను, మరమ్మతులు జరిగినను శిల్పము గతి యేమి కావలెనో ముందే వ్రాతమూలముగ నిర్ణయింపుడు, కదలించుటకు ముందు శిల్పికి గాని వారసులకు గాని తెలుపుడు.

ఇవి ఖర్చు పెంచు కోరికలు గావు; కొంచెము ముందుచూపును, కొంచెము మర్యాదయు గోరునవి. మన యింటికి వచ్చిన యతిథిని వీథి గదిలో గూర్చుండబెట్టి, రెండవనాడు చెప్పక త్రోసివేయుదుమా? అతిథులను గౌరవించుటయే వృత్తిగా గలవారు తాము బిలిచి తెచ్చుకొన్న శిల్పమును గూడ నట్టి యతిథిగనే యెంచవలెను. హోటలులోని యతిథు లందఱు నేదో యొక నాడు పెట్టె సర్దుకొని పోవువారే. శిల్పమొక్కటియే పోవుటకు రాలేదు.