కంప్యూటర్ మోత: విశాఖ గాలిలో అపోహలు – వాస్తవాలు

డెస్క్‌టాప్ కంప్యూటర్ మోత పెడితే నింద ముందుగా ఫ్యాన్ మీద పడుతుంది. పాతబడిందంటారు, నూనె చుక్క వేయమంటారు, కేబినెట్‌ను బల్ల కిందికి తోసేయమంటారు. నిజానికి ఫ్యాన్ తనంతట తాను వేగం పెంచుకోదు. ప్రాసెసర్‌లోనో గ్రాఫిక్స్ కార్డులోనో పుట్టిన వేడి బయటికి పోలేక నిలిచిపోతే, ఆ ఉష్ణోగ్రతను బట్టి కంప్యూటరే దాన్ని పరుగు పెట్టిస్తుంది. అందువల్ల మోత తగ్గాలంటే ముందు వేడి పోయే దారిని బాగుచేయాలి. ఏ ఊరికైనా వర్తించే ఈ మాటను విశాఖపట్నంలో మరింత గట్టిగా చెప్పుకోవాలి. 1933లో ప్రారంభమైన రేవులో బొగ్గు, ఇనుప ఖనిజం రాశులుగా పడి ఉంటాయి. గాజువాక అవతల ఉక్కు కర్మాగారం, మల్కాపురం వైపు చమురు శుద్ధి కర్మాగారం, తూర్పున ఉప్పుగాలి వీచే సముద్రం. గాలి నాణ్యత ప్రమాణాలను అందుకోలేని నగరంగా జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాకెక్కిన ఊరిది. ఇక్కడి కంప్యూటర్ మోతకు, ఇక్కడి గాలికి ఉన్న సంబంధాన్ని పట్టించుకోకపోతే ఎంత ఖర్చు పెట్టినా ఫలితం నిలవదు.

అపోహ: కిటికీలు మూసి, ఏసీ వేసుకునే గదిలో దుమ్ము ఉండదు, కేబినెట్‌ను శుభ్రం చేయనక్కర్లేదు.

వాస్తవం: గాలిలో తేలే సన్నని ధూళికణాల పరిమాణం మిల్లీమీటరులో నూరో వంతు, అంతకంటే తక్కువ. తలుపు సందులు, కిటికీ అంచులు వాటికి అడ్డు కావు. మామూలు స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది; ఆ గాలినే కంప్యూటర్ ఫ్యాన్లు గంటల తరబడి లోపలికి లాగుతుంటాయి. వన్‌టౌన్, జ్ఞానాపురం ఇళ్లలో అరుగుల మీద, కిటికీ చువ్వల మీద పేరుకునే నల్లని పొర కేబినెట్ లోపలా పేరుకుంటుంది. రేవులో బొగ్గు గుట్టల మీద నీళ్లు చిమ్మినా ధూళి పూర్తిగా ఆగదు. సముద్రతీరంలో ఇంకో చిక్కు కూడా ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని కరుగుతుంది. ఏడాదిలో చాలాకాలం ఉక్కపోసే విశాఖలో ఇది మామూలు విషయం. ఉప్పుతో కలిసిన ధూళి పొడిగా రాలిపోకుండా, ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రేకుల మధ్య ముద్దలా అంటుకుంటుంది. ఫ్యాన్ రెక్కలు పైకి శుభ్రంగా కనిపించినా, వాటి కింద రేకుల సందులు మూసుకుపోయి ఉండవచ్చు. అప్పుడు ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి అవతలికి పోదు. మిగిలేది మోత ఒక్కటే. అందువల్ల కొత్త ఫ్యాన్ కొనే ముందు హీట్‌సింక్‌ను చూడాలి. ప్లగ్ పూర్తిగా తీసేసి, మెత్తని బ్రష్‌తో, బ్లోయర్‌తో దుమ్ము వదిలించాలి. బ్లోయర్ గాలికి రెక్కలు విపరీత వేగంతో తిరిగి బేరింగ్ పాడవకుండా వాటిని వేలితో పట్టి ఉంచాలి. గాలి లోపలికి వచ్చే చోట జాలీ ఫిల్టర్ పెడితే మేలు. కానీ ఆ జాలీ మూసుకుపోతే మోత మళ్లీ మొదటికొస్తుంది కాబట్టి దాన్ని తరచూ కడగాలి. తడి పూర్తిగా ఆరాకే బిగించాలి.

అపోహ: ఫ్యాన్లు ఎక్కువైతే మోత కూడా ఎక్కువవుతుంది.

వాస్తవం: చప్పుళ్లు అలా కూడవు. ఒకే స్థాయిలో మోగే రెండు ఫ్యాన్లను పక్కపక్కన పెడితే పెరిగేది సుమారు 3 డెసిబెల్స్ మాత్రమే. అదే ఫ్యాన్ వేగాన్ని సగానికి తగ్గిస్తే దాదాపు 15 డెసిబెల్స్ తగ్గుతాయి. 10 డెసిబెల్స్ తగ్గితేనే చెవికి మోత సగమైనట్టు అనిపిస్తుంది. అంటే నిమిషానికి 1400 చుట్లు తిరిగే ఒక ఫ్యాన్ పనిని, 700 చుట్లు తిరిగే అలాంటివే రెండు ఫ్యాన్లకు పంచితే, గాలి ప్రవాహం ఇంచుమించు అంతే ఉండి మోత 12 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. చిన్న ఫ్యాన్ బదులు పెద్దది వాడినా ఇదే లాభం: అంతే గాలిని తక్కువ చుట్లతో నెడుతుంది. ఇది కంప్యూటర్లకే పరిమితమైన సూత్రం కాదు. ఫ్యాన్ వేగం సగమైతే అది తీసుకునే విద్యుత్తు సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పెద్ద కర్మాగారాల్లో బ్లోయర్ల గాలిని అడ్డుపలకలతో ఆపకుండా మోటారు వేగాన్నే తగ్గించే డ్రైవులు బిగించడం అందుకే. అయితే నెమ్మదిగా తిరిగే ఫ్యాన్ నెట్టే బలం కూడా తగ్గుతుంది. దుమ్ముతో మూసుకుపోయిన రేకుల్లోంచి అది గాలిని పంపలేదు. ముందు శుభ్రత, తర్వాత వేగం తగ్గింపు అనే వరుస ఇందుకే.

అపోహ: కేబినెట్ పక్క మూత తీసేస్తే చల్లబడి మోత తగ్గుతుంది, లేదంటే లోపల స్పాంజి అంటిస్తే చాలు.

వాస్తవం: మూత తీయగానే ఉష్ణోగ్రత తగ్గితే, మూసినప్పుడు గాలికి సరైన దారి లేదని తెలుస్తుంది. ఆ పరీక్ష వరకు మూత తీయడం పనికొస్తుంది. అలాగే వదిలేస్తే చప్పుడు నేరుగా చెవిని చేరుతుంది, ఫిల్టర్ అనే అడ్డు లేకుండా ఉప్పుధూళి బోర్డు మీదే పడుతుంది. స్పాంజి పొరలు సన్నని కీచుశబ్దాన్ని కొంత పీల్చుకుంటాయి గానీ లావుపాటి గుంయ్ శబ్దాన్ని ఆపలేవు. గాలి దారికి అడ్డొస్తే వేడిని నిలబెట్టి ఫ్యాన్‌ను మరింత పరుగెత్తిస్తాయి కూడా. మూత బిగించి, ముందు నుంచి లోపలికి, వెనక నుంచి బయటికి గాలి నడిచేలా చూసి, వెనక భాగానికీ గోడకూ మధ్య చోటు వదలడం మేలు.

అపోహ: ఫ్యాన్ వేగం తగ్గిస్తే ప్రాసెసర్ కాలిపోతుంది.

వాస్తవం: ఈ భయం అర్థం లేనిదేమీ కాదు. విశాఖ వేసవిలో గది వేడి పెరిగితే లోపలి వేడీ దాదాపు అంతే పెరుగుతుంది. కానీ నేటి ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 95–100 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. ఆ హద్దు చేరితే అవి తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి, తప్పదనుకుంటే ఆగిపోతాయి. బరువైన పనిలో 70, 75 డిగ్రీలు చూపితే కంగారు పడనక్కర్లేదు. ఉత్తరం టైపు చేస్తున్నప్పుడు కూడా ఫ్యాన్ పూర్తి వేగంతో తిరగాల్సిన పని లేదు. బయోస్‌లోని ఫ్యాన్ సెట్టింగులో వేగాన్ని మెట్టుమెట్టుగా పెరిగేలా పెట్టి, మండువేసవి మధ్యాహ్నం ఉష్ణోగ్రత చూసి సరిచేసుకోవాలి. మూడు పిన్నుల ఫ్యాన్‌ను నాలుగు పిన్నుల పద్ధతికి పెట్టిన సాకెట్‌లో గుచ్చితే అది ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరుగుతుంది. చాలా ఇళ్లలో మోతకు ఈ ఒక్క సెట్టింగే కారణం కావచ్చు. దాన్ని మూడు పిన్నుల ఫ్యాన్‌కు సరిపడే డీసీ పద్ధతికి మార్చడానికి పైసా ఖర్చు లేదు.

అపోహ: నూనె వేస్తే ఏ ఫ్యాన్ అయినా, ఏ డిస్క్ అయినా కుదుటపడుతుంది.

వాస్తవం: స్లీవ్ బేరింగ్ ఫ్యాన్‌లో నూనె ఎండిపోతే ఒక చుక్క మిషన్ ఆయిల్ కొన్నాళ్లు ఉపశమనం ఇస్తుంది. అరిగిన బేరింగ్ మాత్రం మళ్లీ గరగరమంటుంది. కొన్ని వందల రూపాయల కొత్త ఫ్యానే దానికి మందు. హార్డ్ డిస్క్‌లో నూనె వేసే చోటే లేదు, దాన్ని తెరవకూడదు. డిస్క్ చప్పుడులో ఎక్కువ భాగం డిస్క్ నుంచి కాక, అది కదిలించే రేకుపెట్టె నుంచి వస్తుంది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్ సెకనుకు 120 సార్లు కంపిస్తుంది. గట్టిగా బిగించిన రేకు ఆ కంపనాన్ని తంబురా బుర్రలా పెంచుతుంది. మరల దగ్గర రబ్బరు వాషర్లు వేస్తే ఆ గుంయ్ శబ్దం చాలావరకు అణిగిపోతుంది. తిరిగే భాగాలే లేని ఎస్‌ఎస్‌డీకి మారితే డిస్క్ మోత పూర్తిగా పోతుంది. డిస్క్ అదేపనిగా టక్‌టక్‌మని కొట్టుకుంటుంటే మాత్రం మోత సంగతి పక్కనపెట్టి, ముందు ఫైళ్లు వేరేచోట భద్రపరచుకోవాలి.

అపోహ: లిక్విడ్ కూలింగ్ పెడితే చప్పుడే ఉండదు.

వాస్తవం: నీరు వేడిని ప్రాసెసర్ దగ్గర్నుంచి రేడియేటర్‌కు మోస్తుంది, అంతే. అక్కణ్నుంచి దాన్ని బయటికి నెట్టాల్సింది మళ్లీ ఫ్యాన్లే. పైగా పంపు చప్పుడు తోడవుతుంది. రేడియేటర్ రేకుల్లోనూ అదే ఉప్పుధూళి చేరుతుంది. మామూలు ఇంటి, ఆఫీసు పనులకు పెద్ద రేకుల హీట్‌సింక్, నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాన్ చాలు.

రైళ్ల కూతలు, లారీల రొద ఉన్న ఊళ్లో ఈ చిన్న మోతకు ఇంత శ్రద్ధ ఎందుకనే ప్రశ్న రావచ్చు. బయటి రొద వచ్చి పోతుంది. కంప్యూటర్ మోత మనిషికి మూరెడు దూరంలో, పని చేసినంతసేపూ ఉంటుంది. నివాస ప్రాంతాల్లో రాత్రి శబ్దం 45 డెసిబెల్స్ మించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పరీక్షలకు చదివే పిల్లలకూ, ఇంటి నుంచి రాత్రి షిఫ్టు చేసేవారికీ గదిలోపల కూడా ఆ ప్రశాంతత అవసరమే. అందుకు డబ్బుకంటే వరుస ముఖ్యం: దుమ్ము తీయాలి, గాలిదారి సరిచూడాలి, ఫ్యాన్ వేగం సరిచేయాలి, డిస్క్‌కు రబ్బరు వేయాలి. ఇవన్నీ అయ్యాకా మోత మిగిలితే అప్పుడు కొత్త భాగం కొనాలి. ధూళి నిండిన ఈ ఊళ్లో ఆ మొదటి పనిని ఏటా కొన్నిసార్లు మళ్లీ మళ్లీ చేయక తప్పదు.